మందుల పరిశోధనలో మానిటర్ పని

మానిటర్ అనగానే మనకు క్లాసులో అల్లరి చేసినవాళ్ల పేర్లు రాసిచ్చే కుర్రాడు గుర్తుకొస్తాడు. మందుల పరిశోధనలోనూ ఒక మానిటర్ ఉంటారు. బి.ఫార్మసీ, బి.ఎస్సీ. చదివి ఈ ఉద్యోగంలోకి వెళ్లాలనుకునే మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు.

కొత్త మందును రోగులకిచ్చి పరీక్షించేది ఆసుపత్రి డాక్టరు. ఆ పరీక్షను తలపెట్టి బాధ్యత వహించేది సాధారణంగా మందుల కంపెనీ. కంపెనీ తరఫున ఆసుపత్రికి వెళ్లి, పని ముందు రాసుకున్న పద్ధతి ప్రకారమే జరుగుతోందా, రోగి హక్కులకూ క్షేమానికీ భంగం లేదు కదా, రాసిన అంకెలు నిజమేనా అని చూసేవారే మానిటర్.

ఈ పనిలో మొదట నేర్పేది నియమాలు. 1964 నాటి హెల్సింకి ప్రకటన, 1996లో వెలువడి 2025లో మళ్లీ సవరించబడిన ఐ.సి.హెచ్. 'గుడ్ క్లినికల్ ప్రాక్టీస్' సూత్రాలు, మన దేశంలో 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు ముఖ్యమైనవి. ఇవి చదివి పరీక్ష ప్యాసు కావచ్చు. అసలు విద్య మాత్రం సీనియర్ల వెంట ఆసుపత్రికి వెళ్లినప్పుడే పట్టుబడుతుంది.

అక్కడ చేసేది ముఖ్యంగా పోల్చి చూడటం. ఉదాహరణకు, రోగికి 30 బిళ్ళలిచ్చారు. రోజుకొకటి చొప్పున 28 రోజులకు 2 మిగలాలి. తిరిగొచ్చినవి 9 అనుకుందాం. రోగి డైరీలో మాత్రం ఒక్కరోజు కూడా మానలేదని ఉంది. అప్పుడేం చేయాలి? మానిటర్ తన చేత్తో ఒక్క అంకె కూడా దిద్దకూడదు. డాక్టరు గారిని అడగాలి. దిద్దవలసి వస్తే పాత అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేయవలసింది వారి వైపు వాళ్లే. అలాగే రోగికి ప్రమాదకరమైన ఇబ్బంది కలిగితే డాక్టరు 24 గంటల్లో ప్రభుత్వానికీ, కంపెనీకీ, ఎథిక్స్ కమిటీకీ తెలిపారా అన్నదీ చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది అంగీకార పత్రం. ఖమ్మం జిల్లాలో 2009లో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకాలు వేసిన పరిశోధన 2010లో ఆగిపోయింది. దానిమీద 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, అప్పటి ఉమ్మడి రాష్ట్రపు 9543 పత్రాల్లో 2763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పత్రంలో సంతకం ఉంది. కానీ బిడ్డకు టీకా వేయించాలా వద్దా అని చెప్పవలసిన తల్లిదండ్రులు అందులో లేరు!

గళ్ళు నిండాయా లేదా అని మాత్రమే చూసే మానిటర్ ఇలాంటి పత్రాన్ని సరే అనేస్తారు. పని నేర్చిన మానిటర్ వేరే ప్రశ్నలు అడుగుతారు. సంతకం ఎవరిది? పత్రం వాళ్లకొచ్చిన భాషలో ఉందా? పరీక్షలు మొదలు కాకముందే సంతకం తీసుకున్నారా? వేలిముద్ర అయితే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి దగ్గరున్నారా?

ఇరవై మూడేళ్ల వయసులో పెద్ద ప్రొఫెసరు ఎదుట నిలబడి, "సార్, ఈ తేదీ కుదరడం లేదు" అనడం తేలిక కాదు. జీతమిచ్చే కంపెనీకి నచ్చని నిజాన్ని రిపోర్టులో రాయడం ఇంకా కష్టం. వినయంగా అడగడం, అడిగింది వదలకపోవడం ఈ రెండూ కలిస్తేనే మానిటర్. ఎందుకంటే ఆ అంకెల్ని నమ్మి రేపు బిళ్ళ వేసుకునేది మన ఇళ్లల్లోవాళ్లే.