చెరలో సూది, చేతిలో కూలి

దిండు గలేబు మీద పువ్వు కుట్టడం చిన్నపని అని మనం అనుకుంటాము. కాని ఆ ఒక్క పువ్వు నిండడానికి సూది వందలసార్లు గుడ్డలో మునిగి తేలవలె. ఒక కుట్టు వంకరపోతే విప్పి మరల కుట్టవలె. తొందరపాటుకు అందులో తావు లేదు. అందువల్లనే కాబోలు, నేరంచేసి ఏండ్ల తరబడి నాలుగు గోడల మధ్య గడపవలసినవారి చేతికి సూదీ దారమూ ఇవ్వాలన్న ఆలోచన కొందరు సహృదయులకు కలిగింది. అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. మనిషిని మార్చేది పనియా? లేక పనితోపాటు దక్కే గౌరవమా?

నెల్లూరు తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒకప్పుడు కోస్తాలో పండిన ఉప్పును ఎద్దులమీదను, గాడిదలమీదను ఎత్తుకొని మెట్టసీమలకు పోయి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్ముకొని బ్రతికినవారిలో యెరుకలవారు ముఖ్యులు. రైళ్లు వచ్చాయి, దొరల ప్రభుత్వం ఉప్పు విధానాన్ని మార్చింది, ఆ వర్తకం కూలిపోయింది. అడవి చట్టాలు బుట్టల అల్లికకు కావలసిన వెదురును కూడ దూరంచేశాయి. బ్రతుకుతెరువు పోయినవారి నొసట ‘నేరస్థ జాతి’ అన్న ముద్ర పడింది. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వ్యాపించింది. తరువాతి సంవత్సరాలలో కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఆధ్వర్యాన, శామ్యూల్ బాడెన్ నిర్వహణలో యెరుకల సెటిల్‌మెంటు వెలసింది. ఇంకా ఉత్తరాన, నేటి బాపట్ల జిల్లాలో, సాల్వేషన్ ఆర్మీవారు స్టువార్టుపురం నెలకొల్పారు.

అక్కడ పని ఉండేది. పిల్లలకు బడి ఉండేది. నిర్వాహకులలో సద్బుద్ధి లేదనలేము. కాని హాజరు పిలుపు కూడ ఉండేది. అనుమతి చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. నేరంచేసినవాడితోపాటు, ఏ పాపమూ ఎరుగక ఆ కులంలో పుట్టినవాడు కూడ ఆ కంచెలోనే ఉండవలె. పని అక్కడ బ్రతుకుదారి కావలసింది పోయి కాపలాకు మారుపేరయింది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని తొలగించింది. 1952 ఆగస్టు 31న అది దేశమంతటా రద్దయింది. చట్టం ఒక్కనాటితో పోయింది గాని, అనుమానం అంత త్వరగా పోలేదు.

చేతిపనిని మెచ్చి, చేసినవారిని మరచిన కథ సముద్రం మీద కూడ ఒకటి నడిచింది. ఇంగ్లండులో ఎలిజబెత్ ఫ్రై అనే దయామయి న్యూగేటు చెరసాలలోని స్త్రీల దురవస్థను 1813లో కన్నులారా చూచి, వారికి చదువూ కుట్టుపనీ నేర్పడానికి పూనుకొన్నది. ద్వీపాంతరం పంపబడే స్త్రీలకు కూడ ఆమె స్థాపించిన సంఘంవారు బట్టముక్కలు, సూదులు, దారాలు ఇచ్చేవారు. 1841లో ‘రాజా’ అనే ఓడ సుమారు 180 మంది స్త్రీ ఖైదీలతో ఆస్ట్రేలియా దిక్కునకు బయలుదేరింది. మూడు నెలల ప్రయాణంలో వారిలో కొందరు 2,815 ముక్కలు కలిపి ఒక బొంత కుట్టారు. మన అవ్వలు పాతచీరల పేలికలతో కుట్టే బొంతకు అది అక్కచెల్లెలే. అది నేడు కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలలో అపురూపంగా భద్రపరచబడి ఉన్నది. దానిమీద సంఘపు స్త్రీలకు కృతజ్ఞత చెప్పే మాటలున్నాయి. కుట్టిన స్త్రీ పేరు ఒక్కటీ లేదు.

ఈ కొరతను ఎరిగి తీర్చబూనినది లేడీ ఆన్ ట్రీ. ఖైదీలను పరామర్శించడానికి చెరసాలలకు వెళ్లే అలవాటుగల ఈమె, వారు కుట్టినదానికి వారికే కూలి ముట్టవలెనని దశాబ్దాలపాటు పట్టుబట్టింది. 1997లో ‘ఫైన్ సెల్ వర్క్’ అనే సంస్థ నెలకొన్నది. స్వచ్ఛంద సేవకులు చెరలోనికి వెళ్లి ఎంబ్రాయిడరీ నేర్పుతారు. ఖైదీలు గది తలుపు మూసిన దీర్ఘమైన గంటలలో దిండ్లు, బొంతలు కుడతారు. అవి అమ్ముడుపోతాయి, కుట్టినవారికి కూలి ముడుతుంది. కుట్టేవారిలో అధికులు పురుషులని వింటే, సూదిపని ఆడవారిదేనని తలచేవారు విస్తుపోవలసిందే. వాండ్స్‌వర్తు చెరసాల ఖైదీలు కుట్టిన బొంతను లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంవారు 2010లో తమ ప్రదర్శనలో ఉంచారు.

కూలి మాట మన న్యాయస్థానాలు కూడ పట్టించుకొన్నాయి. కూలి ఇవ్వక ఖైదీలచేత పనిచేయించడం రాజ్యాంగపు 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరియేనని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుచెప్పింది. ఖైదీ పనికి న్యాయమైన వేతనం ఇవ్వవలెననీ, అందులో కొంత భాగం నేరంవల్ల నష్టపోయినవారికి చెందేలా ఏర్పాటు ఉండవలెననీ 1998లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఈ రెండవ మాట గమనించదగినది. తన చెమటలో కొంత తాను నొప్పించినవారికి చేరుతున్నదని తెలిసినప్పుడు పశ్చాత్తాపం నోటిమాటగా ఆగిపోదు. 2024 అక్టోబరు 3న అదే న్యాయస్థానం, చెరసాలలో కులాన్నిబట్టి పనులు పంచడం రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది. విముక్త జాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటు నేరస్థులుగా చూచే జైలు నిబంధనలను కూడ కొట్టివేసింది. కావలి సెటిల్‌మెంటు నాటి ముద్ర అంతకాలం గ్రంథాలలో నిలిచే ఉన్నదన్నమాట.

నెల్లూరు కేంద్ర కారాగారం నగరానికి దక్షిణాన చెముడుగుంటలో ఉన్నది. అక్కడనే కాదు, ఏ చెరలోనైనా ఖైదీ చేతికి సూదినిచ్చేవారు మూడు సంగతులు మరువరాదు: పని కులాన్నిబట్టి గాక మనిషినిబట్టి ఇవ్వవలె, నేర్పినది రేపు బయట అన్నంపెట్టేదై ఉండవలె, చేసిన పనికి కూలి చేతిలో పడవలె. ‘కష్టే ఫలే’ అని బడిలో పిల్లలచేత వ్రాయిస్తున్నాము. ఆ ఫలం కష్టపడినవానికే దక్కవలెనని కూడ చెప్పవలసింది మనమే.

ఖైదీ కుట్టిన గలేబును మెచ్చి కొనడం కష్టం కాదు. శిక్ష ముగించుకొని వచ్చినవానికి కుట్టుమిషను పెట్టుకోను ఊరిలో ఒక అరుగు అద్దెకివ్వడం కష్టం. వాని బిడ్డ బడిలో చేరిననాడు పక్కన మరొక బిడ్డ సంకోచం లేకుండా కూర్చోవడం ఇంకా కష్టం. సూది చేయగలిగినంత చేస్తుంది. మిగిలినది మన వాకిట జరగవలె.