ముందు కండ తీయాలి... తర్వాతే లెన్స్ లెక్క

కంచరపాలెం: కంట్లో కండ పెరిగింది. దానికి తోడు శుక్లం కూడా వచ్చింది. రెండింటికీ ఒకేసారి ఆపరేషన్ చేయించుకోవాలా, లేక రెండు దఫాలుగానా? రెండుసార్లు ఆసుపత్రికి వెళితే రెండుసార్లు పని మానాలి, కూలి పోతుంది. కనుక ఒక్కసారే కానిచ్చేయమని రోగి అడగడం సహజం. అయితే ఈ తొందర వల్ల కంట్లో వేసే లెన్స్ పవర్ తప్పే ప్రమాదం ఉంది.

ఎండ, దుమ్ము, గాలి - కంటి కండకు ఇవే ముఖ్య కారణాలు. పోర్టులోనూ, రైల్వే యార్డులోనూ, కట్టడాల వద్దా ఆరుబయట పనిచేసే కంచరపాలెం వాసులకూ, సముద్రంలో వేటకు పోయే మత్స్యకారులకూ ఇవి నిత్యం తప్పనివే. 1996 - 2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో 30 ఏళ్లు దాటిన వారిలో నూటికి పది మందికి పైగా ఈ కండ కనిపించింది. ఆరుబయట పనిచేసే వారిలో ఇది ఎక్కువని తేలింది.

వైద్యులు టెరీజియం అని పిలిచే ఈ కండ సాధారణంగా ముక్కు వైపు తెల్లగుడ్డు మీద మొదలై నల్లగుడ్డు మీదికి పాకుతుంది. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొరను కార్నియా అంటారు. కండ ఎక్కిన వైపు కార్నియా వంపు చదునవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

లెక్క తప్పేది ఎలా?

శుక్లం తీసిన చోట వేసే లెన్స్‌కు పవర్ నిర్ణయించడానికి కనుగుడ్డు పొడవు, కార్నియా వంపు కొలుస్తారు. ఈ లెక్క ఎంత ముఖ్యమో మొదటి ఆపరేషన్లే చెప్పాయి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి కంట్లో లెన్స్ అమర్చినప్పుడు పవర్ కుదరక, తొలి రోగులకు మైనస్ పవర్ విపరీతంగా వచ్చింది. 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ ఇచ్చిన సూత్రం ప్రకారం కార్నియా కొలత ఒక డయాప్టర్ మారితే లెన్స్ పవర్ 0.9 డయాప్టర్ మారుతుంది. తర్వాత మెరుగైన సూత్రాలు వచ్చినా, కొలత తప్పితే ఏ సూత్రమూ కాపాడలేదు.

ఉదాహరణకు, కండ ఉండగా కార్నియా కొలత 42 డయాప్టర్లు వచ్చిందనుకుందాం. కండ తీసి కన్ను కుదుటపడ్డాక అది 44 కావచ్చు. అప్పుడు లెన్స్ పవర్ దాదాపు 1.8 డయాప్టర్లు తగ్గాలి. పాత కొలతతోనే వేస్తే అవసరానికి మించిన పవర్ కంట్లో కూర్చుంటుంది. దగ్గరిది కనిపిస్తుంది గాని, దూరం నుంచి వచ్చే బస్సు బోర్డు మసకబారుతుంది. మళ్లీ కళ్లద్దాలు తప్పవు. కళ్లద్దాల్లా ఆ లెన్స్‌ను తీసి మార్చుకోవడం సులువు కాదు.

ఎంతకాలం ఆగాలి?

అందుకే కండ పెద్దదైతే ముందు దానిని తీసి, కనీసం నెల, సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి, కార్నియా కొలత నిలకడగా ఉందని తేలాకే లెన్స్ పవర్ నిర్ణయిస్తారు. కండ తీసిన చోట రోగి కంటి నుంచే తీసిన పలుచని పొరను అతికిస్తే అది మళ్లీ పెరిగే అవకాశం తగ్గుతుంది.

అందరికీ ఈ నిరీక్షణ అక్కరలేదు. కండ చిన్నదై, కార్నియా అంచునే ఆగి ఉంటే దానిని కదపకుండానే శుక్లం తీయవచ్చు. శుక్లం బాగా ముదిరి కంటిలో ఒత్తిడి పెరిగితే ఆగడమే ప్రమాదం. రెండూ ఒకేసారి చేయక తప్పని వారు తర్వాత కళ్లద్దాలు అవసరం కావచ్చని ముందే తెలుసుకోవాలి.

నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ విభాగం 2006 నుంచి పనిచేస్తోంది. ఎక్కడ చూపించుకున్నా "నా కంటి కండ వల్ల లెన్స్ కొలత మారుతుందా?" అని రోగి అడగడం మంచిది. చుక్కల మందుతో ఎరుపు, మంట తగ్గుతాయే గాని కండ కరగదు. ఆకు పసర్లు పోస్తే కంటికే ముప్పు. ఎండలో పనిచేసేవారు అంచున్న టోపీ, చలువ కళ్లద్దాలు వాడటం మేలు. రెండోసారి పోయే కూలి కొద్ది రోజులదే. కంట్లో లెన్స్ బతికినంత కాలం ఉండేది.