బోస్టన్‌లో దిగిన భీమవరం విద్యార్థి

ఆగస్టు నెల వచ్చిందంటే చాలు, రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ డబ్బాతో మన పిల్లలు అమెరికా విమానాశ్రయాల్లో దిగుతూనే ఉంటారు. సైన్సు చదువుకని వచ్చే వారందరూ తెలుసుకోవలసిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు గారు 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆయనను ఓడ ఎక్కించాయి. భార్య శేషగిరి గారు ఇంటి దగ్గరే ఉండిపోయారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదవడానికి సీటైతే దొరికింది కానీ చేతిలో డబ్బు లేదు. మద్రాసులో ఆయనకిచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. దానితో ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసే వీలు లేకపోయింది. అందుకని ఆసుపత్రిలోనే రాత్రిపూట పోర్టరుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. పగలు పాఠాలు, రాత్రి పని!

డిప్లొమా పూర్తయ్యాక సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరడంతో దారి దొరికింది. రక్తంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. ఆ కొలతే వారిని 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి, 1929లో మన కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. దగ్గరికి నడిపించింది. పిహెచ్.డి. 1930లో వచ్చింది, అంటే దిగిన ఎనిమిదేళ్లకు!

ఇక నేటి విద్యార్థులకు నాలుగు మాటలు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టరు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అనుమతి లేకుండా బయట గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో నగదుకు పనిచేస్తే చదువుకే ముప్పు. ఏ పని ఒప్పుకునే ముందైనా విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగండి. అసిస్టెంట్‌షిప్ ఉన్నా మొదటి జీతం అందడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఆ మేరకు డబ్బు దగ్గరుంచుకోండి. చాలా జీవశాస్త్ర విభాగాల్లో మొదటి ఏడాది రెండు మూడు ప్రయోగశాలల్లో కొద్దివారాల చొప్పున పనిచేసి చూడవచ్చు. ప్రొఫెసరు పేరు ఒక్కటే చూసి చేరకండి. ఆయన దగ్గర ఇప్పటికే చదువుతున్న సీనియర్లను కదిపి చూడండి. నాలుగైదేళ్ల కాపురం అది!

ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకూ ఒక మనవి. ఒక ఆదివారం పప్పన్నానికి పిలవడం, కారు లేని పిల్లవాణ్ణి కిరాణా దుకాణానికి తీసుకెళ్లడం మనకు చిన్న పనులే. కానీ ఊరుగాని ఊళ్లో ప్రయోగం పాడై, ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నానమ్మా" అని చెప్పే పిల్లలకు అవే కొండంత అండ. సుబ్బారావు గారు 1948లో ఈ గడ్డ మీదే కన్నుమూశారు. శేషగిరి గారి దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు.

పిల్లలూ! ఈసారి మీ ఇంటికి అలాంటి అన్నయ్యో అక్కయ్యో భోజనానికి వస్తే, "మీ ల్యాబ్‌లో ఏం కొలుస్తారు?" అని అడగండి. వాళ్ల ముఖం ఎలా వెలిగిపోతుందో చూద్దురుగాని.