మంగలికత్తికి తగిన సానరాయి

పాతపెట్టె అడుగున గుడ్డపీలికలో చుట్టిన మడతకత్తి యొకటి బయటపడిన ఇండ్లు తెలుగునాట అరుదు కావు. అలుగుపై షెఫీల్డు అనియో సోలింజెన్ అనియో అరిగిన అక్షరములు కనబడును. మొదటిది ఇంగ్లండులోను, రెండవది జర్మనీలోను కత్తుల తయారికి పేరొందిన పట్టణములు. క్షౌరశాలలలో బ్లేడు మార్చుకొను కత్తులు వాడుకలోనికి వచ్చిన పిదప ఈ పాతకత్తులకు పని తప్పినది; వానిని నూరు నేర్పును క్రమముగా మరుగున పడినది. అయినను అంచు మొద్దువారినంత మాత్రమున మంచి ఉక్కు చెడినట్లు కాదు. చెడుట తరచుగా దానిని బాగుచేయబూనిన నాడే జరుగుచున్నది.

దొరికిన కత్తిని వీధిలో సానచక్రము త్రిప్పువాని చేత బెట్టుట అందరకును తోచు సులువు. కత్తిపీటకును కత్తెరకును ఆ చక్రము చాలును. మంగలికత్తి అంచు కాగితముకంటె పలుచన. చక్రపు రాపిడికి అది క్షణములో వేడెక్కి నీలివన్నె తిరుగును. ఆ నీలిమ సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి గుర్తు. కాల్చి, చల్లార్చి, మరల మితముగా కాచి పనివాడు ఉక్కునకు కూర్చిన గట్టిదనము అంతటితో దిగిపోవును. ఆ భాగమును పూర్తిగ అరగదీసిననే తప్ప పదును నిలువదు. వడ్రంగి వాడు నూనెరాయి అంత ప్రమాదకారి కాదుగాని, అంచును రంపపు పండ్లవలె చేసి విడుచును.

ఇక రెండవ కొసన ఉన్నవారు జపానులోని క్యోటో గనుల రాళ్ల ధరలు విని, ఈ విద్య ధనికులదని నిరాశపడుదురు. ఈ నిరాశకు కారణము లేదు. మంగలికత్తి నిర్మాణమే నూరువానికి సగము సాయము. దాని వెన్నును అంచును ఒకేసారి రాతిని తాకునట్లు పరుండబెట్టినచో, ఎంత వాలున నూరవలెనో కత్తియే నిర్ణయించును. కావున రాతికి ఉండవలసినవి రెండే గుణములు: నలుసు సన్నదనము, ఉపరితలపు సమత. కీర్తి మూడవది, డబ్బు పోవునది దాని కొరకే.

సన్నదనమును సంఖ్యలతో చెప్పుదురు. సంఖ్య పెరిగిన కొలది నలుసు సన్నగిల్లును. జపాను కొలతలో 1000 సంఖ్య రాతి నలుసు రమారమి 11 మొదలు 14 మైక్రానులు. అనగా మన తలవెండ్రుక మందములో అయిదవవంతునకు అటునిటు. గంట్లు పడిన అంచును సరిచేయుట ఈ రాతి పని. అటుపై 6000గాని 8000గాని సంఖ్య గల రాయి మెరుగు పెట్టును. ఒకవైపు 1000, రెండవవైపు 6000 గల కింగ్ అను జపాను కృత్రిమశిల సామాన్యుని కొనుగోలుకు అన్నివిధముల తగినది. 6000 మీద ఆగిన కొరతను తోలుపట్టీకి పూసిన పచ్చని క్రోమియం ఆక్సైడు తీర్చును. అంచున గంట్లు లేని కత్తిని 1000 మీద పెట్టనే రాదు. అరిగిన ఉక్కు తిరిగి రాదు గదా!

సహజశిలలలో పేదవాని పక్షమున మాటాడదగినది బెల్జియమునందలి ఆర్డెన్ కొండలలో దొరకు కొటిక్యూల్. పసుపు చాయ గల ఈ రాతినిండ గార్నెట్ జాతి నలుసులు. మన నవరత్నములలోని గోమేధికమును ఆ జాతిదే. చిన్న తునకతో దీనిపై నీరు చిలికించి రుద్దినచో పాలవంటి బురద పుట్టును. ఆ బురదతో నూరిన ఉక్కు వేగముగ అరుగును. నీరు చేర్చి బురదను పలుచన చేయుచు పోయి, చివరకు వట్టినీటితో ముగించినచో అదే రాయి మెరుగురాయి యగును. ఒక్క రాయి రెండు పనులు చేయుచున్నది. చతురస్రముగా కోసిన ముక్కకు ధర హెచ్చు. వంకరటింకర ముక్కలను చౌకగా అమ్ముదురు. కత్తి రాతిమీద జరుగునే కాని రాయి కత్తిమీద జరుగదు. ముఖము చదునైనదైతే అంచుల వంకరతో నష్టము లేదు.

లాటిను భాషలో మంగలికత్తిని నొవాకుల అందురు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రపు పదునురాతికి నొవాక్యులైటు అను పేరు వచ్చినది అందుండియే. పేరు కత్తిదైనను ఆ రాయి మిక్కిలి నెమ్మది. మొద్దుకత్తిని బాగుచేయుటకు గాక, బాగైన కత్తిని నిలుపుకొనుటకు పనికివచ్చును. మన సాన శబ్దము సంస్కృత శాణమునుండి వచ్చినది, కాని గంధపు సానయు సానయే. పేరును నమ్మి ఎవరును దానిమీద కత్తి నూరకుందురు గాక!

కొన్న రాతినైనను నమ్మరాదు. దానిపై పెన్సిలుతో గళ్లు గీచి, అద్దపు పలకకు అంటించిన నీటి ఉప్పుకాగితముపై రుద్దవలెను. గళ్లన్నియు ఒకేమారు చెరిగినచో ముఖము చదును. ఇట్టి రాళ్లకు నూనె పోయరాదు, నీరే వాడవలెను. రాతిపై అంచు ముందుగను, తోలుపై వెన్ను ముందుగను నడువవలెను. తోలుపై ఈ వరుస తప్పినచో తోలు తెగును, అంచు మడియును. చేతిబరువుకంటె ఎక్కువ నొక్కుడు అక్కరలేదు. పదును తెలియుటకు బొటనవ్రేలు పనికిరాదు. ముంజేతి వెండ్రుకల కొసలకు ఎగువగా, చర్మమును తాకకుండ కత్తిని నడిపినపుడు వెండ్రుకలు చప్పుడు లేక తెగినచో పని ముగిసినది. తెగనిచో మరల 6000 మీదికి పోవలెను, 1000 మీదికి కాదు.