ఈమ్ గ్రామము – అచ్చటి రాతి గుర్తులు

ఇంగ్లాండు దేశమున డార్బీషైరు మండలమందు, కొండల నడుమ ఈమ్ అను చిన్న పల్లె కలదు. అచ్చట రాజుల కోటలు లేవు; జయస్తంభములు లేవు. అయినను ఆ యూరి సరిహద్దు రాతిని, ఒక నీటియూటను, కొన్ని సమాధులను చూచుటకై నేటికిని జనులు దూరమునుండి వచ్చుచుందురు. దీనికి గల కారణము విద్యార్థు లెఱుంగదగినది.

1665వ సంవత్సరమున లండను నగరమందు ప్లేగు ప్రబలియుండెను. ఆ వేసవి చివర అచ్చటినుండి ఈమ్‌లోని దర్జీ యింటికి బట్టలు వచ్చెను. వానిని విప్పి ఆరవేసిన జార్జి వికర్సు అను పనివాడు సెప్టెంబరు మొదటి వారముననే మరణించెను. ఎలుకల నంటియుండు చిన్న పురుగుల వలన నీ తెగులు వ్యాపించునని నాటివా రెఱుగరు. రోగమునకు మూలమైన సూక్ష్మజీవి 1894లో గాని కనుగొనబడలేదు.

కలిగినవారు కొందఱు ముందే వెడలిపోయిరి. 1666 జూనులో తెగులు మఱల విజృంభింపగా, తక్కినవారును పారిపోవ నుద్యుక్తులైరి. అప్పుడు గురువగు విలియం మాంపెసన్ వారిని నిలుపబూనెను. అతడు యువకుడు, ఊరికి క్రొత్తవాడు. నూతన ప్రార్థనావిధి నంగీకరింపక 1662లో కొలువు విడిచిన థామస్ స్టాన్లీ యందే జనులకు గౌరవము మెండు. భిన్నమతులైన ఆ యిరువురును ఏకమై బోధింపగా, ఎవ్వరును ఎల్ల దాటకుండుటకు ప్రజలు సమ్మతించిరి. ఎవరి మృతులను వారే పాతిపెట్టుటయు, ఆరాధనను మూసిన దేవాలయమున గాక కక్లెట్ లోయలో ఆరుబయట జరుపుటయు నియమములయ్యెను.

పొరుగువారు ఆహారపదార్థములను సరిహద్దున నుంచి పోవుచుండిరి. గ్రామస్థులు వాని వెలను రాతి గుంటలలో పోసిన పులికాడియందును, మాంపెసన్ బావి యని నేడు పిలువబడు ఊటనీటియందును ఉంచుచుండిరి. డెవన్‌షైరు ప్రభువును ఆహారము పంపి ఆదుకొనెను.

ఊరిబయట రైలీ సమాధులు కలవు. హాంకాకు వారి యిల్లాలు ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతో అచ్చట పూడ్చెను. మాంపెసన్ తన బిడ్డలను ముందే దూరమునకు పంపెను గాని, భార్య కేథరిన్ అతనిని విడిచిపోక ఆగస్టులో మరణించెను. ఆమె సమాధి దేవాలయపు ఆవరణలో, వేయేండ్లకు పైబడిన సాక్సను శిలువకు చేరువనున్నది. తెగులు శమించునప్పటికి సుమారు 260 మంది గతించిరి; పొరుగూళ్లు మాత్రము రక్షింపబడెను.

ప్రతి సంవత్సరము ఆగస్టు చివరి ఆదివారమున వారిని స్మరింతురు. రోగకారణము నెఱుగకున్నను, తమ వలన పొరుగువానికి చేటు రాగూడదని మాత్రము వారెఱిగిరి. ఆ యొక్క యెఱుక విలువ యెంతయో ఆ గుంటల రాయి నేటికిని చెప్పుచున్నది.