హెచ్.ఐ.వి. గల పురుషుడు తండ్రి కావచ్చునా?

పంచాయతీ సభ్యుని యొద్దకు వీధిదీపము, మంచినీటి కుళాయి నిమిత్తమై వచ్చువారే కాక, పొద్దు గ్రుంకిన పిమ్మట ఇంటి గుట్టు చెప్పుకొనుటకు వచ్చువారును గలరు. “మావాడికి హెచ్.ఐ.వి. ఉందన్నారండీ. మందులు వాడుతున్నాడు. కోడలికి ఏమీ లేదు. వాడికి పిల్లలు పుడతారా? పుడితే బిడ్డకు అంటదా?” అని ఒక తండ్రి అడిగినచో ఏమి చెప్పవలెను? తెలియనివారు “వద్దు” అని ఒక్క మాటతో త్రోసివేయుదురు. ఆ మాట నేటి వైద్యశాస్త్రమునకు సరిపడదు.

వీర్యమునందు ద్రవమును, అందు ఈదులాడు శుక్రకణములును ఉండును. హెచ్.ఐ.వి. వైరసు ముఖ్యముగా ఆ ద్రవమునందును, అందలి తెల్లకణములయందును ఉండును. తండ్రి నుండి బిడ్డకు ఈ వ్యాధి నేరుగా రాదు. భార్యకు సోకినపుడే, ఆమె ద్వారా గర్భమునందో, కాన్పు సమయముననో, చనుబాల వలననో బిడ్డకు రాగలదు. భార్యను కాపాడినచో బిడ్డను కాపాడినట్లే. ఈ భేదమును ఆధారము చేసికొని, ఇటలీలోని మిలాన్ నగర వైద్యులు వీర్యమును కడిగి, శుక్రకణములను వేరుపరచి గర్భాశయమున ప్రవేశపెట్టు పద్ధతిని 1992లో ప్రకటించిరి. అది వ్యయముతో కూడిన పని. మంచి మందులు వచ్చిన పిమ్మట దాని అవసరము చాలవరకు తగ్గినది.

ఇక వీర్యపు నాణ్యత మాట. రోగనిరోధకశక్తి నిలిచియున్నంతవరకు హెచ్.ఐ.వి. గల పురుషుని వీర్యము ఇతరుల వీర్యమునకు ఇంచుమించు సమానముగనే ఉండును. చికిత్స లేక వ్యాధి ముదిరి, సి.డి.4 కణములు క్షీణించిన కొలది శుక్రకణముల సంఖ్యయు, చలనమును తగ్గవచ్చును. క్షయ, సుఖవ్యాధులు శుక్రనాళములను మూసివేయుటయు కలదు. పొగాకు, సారాయి చేయు కీడు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తెలిపిన కనీస ప్రమాణము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల శుక్రకణములు. వానిలో నూటికి 42 చలించుచుండవలెను. ఇంతకు తగ్గినంతమాత్రమున పిల్లలు పుట్టరని కాదు. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును గనుక, నేటి జ్వరపు ఫలితము తరువాతి నెలలలో కనబడును. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు.

ఎఫావిరెంజ్ అను మందు వాడినవారిలో శుక్రకణముల చలనము తగ్గినట్లు కొన్ని పరిశోధనలలో కనబడినది. ఇట్టి మాట చెవిని పడి, బిడ్డ కోసమని మందు మానుకొనుటకంటె పెద్ద పొరపాటు లేదు. మానినచో వైరసు మరల పెరుగును, భార్యకు ముప్పు కలుగును, వీర్యమును చెడును. మందు మార్చవలెనా అనునది ఎ.ఆర్.టి. కేంద్రపు వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము.

మందు చేయు మేలు ఎంతటిదో చూడుడు. భారతదేశముతో సహా తొమ్మిది దేశములందు 1,763 జంటలపై జరిపిన పరిశోధన ఫలితము 2011లో వెల్లడియైనది. తొలినుండియే మందులు వాడినచో భాగస్వామికి సోకుట నూటికి 96 పాళ్లు తగ్గునని తేలినది. రక్తములో వైరసు కనబడనంతగా అణగినవాని నుండి సంభోగము ద్వారా వ్యాధి సోకదని తరువాతి పరిశోధనలు నిర్ధారించినవి. ఆ స్థితి వచ్చినదని వైరల్ లోడ్ పరీక్ష చెప్పువరకు నిరోధ్ వాడవలెను. పిమ్మట వైద్యుని సలహాతో దంపతులు బిడ్డకై ప్రయత్నింపవచ్చును. భార్యకు విషయము ముందుగనే తెలిసియుండుట న్యాయము. ఆమెకును పరీక్షలు జరుగవలెను. ఏడాదికిని గర్భము రానిచో ఇరువురును పరీక్ష చేయించుకొనవలెను. మన పల్లెలలో తప్పంతయు కోడలిపై వేయుట పాత అలవాటు.

సభ్యుని చెవిని పడిన ఈ సంగతి రచ్చబండ చేరరాదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము వివక్షను నిషేధించి, రోగి రహస్యమునకు రక్షణ కల్పించినది. ఎ.ఆర్.టి. మందులు ప్రభుత్వము ఉచితముగనే యిచ్చుచున్నది. ఏమి చేయవలెనో తోచనివారు 1097 నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును. కూలికై దూరప్రాంతము పోవువాడు మందుసీసా ఎవరైన చూతురేమోయని ఇంటనే విడిచిపోవుటయు కలదు. అట్టివానిని నలుగురిలో కాక, ఒంటరిగా పిలిచి, మందు తీసికొనియే బయలుదేరుమని చెప్పుడు.