పుట్టినిల్లు కాదన్న రాకుమారి

రేవుపట్టణవాసులమైన మనకు ఓడల రాకపోకలు నిత్యదృశ్యములు. కాని తిరిగి చేరుటకు రేవు లేని ప్రయాణమే ప్రవాసము.

ఉస్మానియా వంశపు కడపటి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షహ్వార్ 1914లో ఇస్తాంబులులో జన్మించినది. 1924 మార్చిలో తురుష్క గణతంత్రము ఖిలాఫత్‌ను రద్దుచేసి, ఆ కుటుంబమును దేశమునుండి వెడలగొట్టినది. అప్పటికామెకు 10 ఏండ్లు. 1931లో ఫ్రాన్సునందలి నీస్ నగరమున ఏడవ నిజాం జ్యేష్ఠపుత్రుడు ఆజం జాను పెండ్లాడి హైదరాబాదు కోడలైనది. ముకర్రం జా, ముఫఖ్ఖం జా ఆమె కుమారులు.

1944లో పారిస్‌లో మరణించిన ఆమె తండ్రికి స్వదేశమున ఆరడుగుల నేల దొరకలేదు. 1954లో మదీనాలో ఖననము జరిగినది. ఆమెయు 2006లో లండనులోనే కన్నుమూసినది.

పుట్టినిల్లు కాదన్న ఆమె పేరును, మెట్టినిల్లయిన హైదరాబాదు పురానీ హవేలీలోని పిల్లల ఆసుపత్రిపై నిలుపుకొన్నది.